మామగారి కోటు – మనవడి వేషం



పండగ సంచిక కాబట్టి అరిసెల పాకం గురించో, గొబ్బెమ్మల గురించో రాస్తానని మీలో కొందరైనా అనుకుని ఉంటారు. అవి మీకు తెలియనివి కావు. ఈసారి మా ఇంట్లో ఒక కోటు గొడవ తెచ్చిపెట్టింది. దాని గురించే ఈ ముచ్చట.

కోటు అంటే పెళ్ళికొడుకు వేసుకునే కోటు కాదు. మోకాళ్ళు దాటి కిందికి దిగే నల్లటి ఉన్ని ఓవర్‌కోటు. మా మామగారిది. ఆయన పోయి 35 ఏళ్ళు దాటింది. కోటు మాత్రం మా అత్తగారి కాపురం నాటి ట్రంకు పెట్టెలో, కలరా ఉండల నడుమ, ఇంటికి పెద్దలా పడుకుని ఉంటుంది. ఏటేటా వానలు వెనకబట్టాక ఒకరోజు దాన్ని బయటికి తీసి, పెరట్లో దండెం మీద ఆరవేసి, దులిపి మళ్ళీ లోపల పెట్టడం నా పని. యానాంలోనో చెన్నైలోనో ఉన్నవారికి ఇది వింతగా తోచవచ్చు. మాది రాయగడ. చుట్టూ కొండలు. మార్గశిరం వచ్చిందంటే పొద్దెక్కినదాకా మంచు విడవదు. ఇంకా పైకి, కొరాపుట్ వైపు వెళితే చెప్పనే అక్కర్లేదు. బెంగుళూరు, పూణె, ఊటీ వాళ్ళకు నా మాట అర్థమవుతుంది.

ఈ ఏడు కోటు ఆరవేసిన రోజునే మా మనవడు భువనేశ్వర్ నుంచి సెలవులకు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సంచీ ఇంకా కింద పెట్టలేదు, దండెం మీంచి కోటు లాగి తొడుక్కున్నాడు. అద్దాల బీరువా ముందు నిలబడి, కాలరు పైకెత్తి, ఒక చెయ్యి జేబులో పెట్టి, ఒక కనుబొమ్మ ఎగరేసి, "నాన్నమ్మా, అచ్చు పాత సినిమాలో గ్యాంగ్‌స్టర్‌లా లేనూ?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఉన్నాడు. వాడు వెదురుబద్దలా ఉంటాడు. ఆ కోటు తొడిగేసరికి వాడికి భుజాలొచ్చాయి, ఛాతీ వచ్చింది, నడకలో ఒక బరువొచ్చింది. నేనే ఒక్క క్షణం పక్కకు తప్పుకుని దారిచ్చాను.

మా ఊరి తెలుగువాళ్ళ సంక్రాంతి వేడుకల్లో పిల్లలు వేస్తున్న హాస్య నాటికలో వాడిది దొంగల నాయకుడి వేషమట. కోటు దొరికింది, ఇంక ఒక టోపీ, ఒక బొమ్మ పిస్తోలు దొరికితే చాలన్నాడు. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తారు. "తీసెయ్యరా. అది దొంగలు తొడుక్కున్న కోటు కాదు" అన్నారు. మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయారు.

మావారు 30 ఏళ్ళు బడిపంతులుగా చేసిన మనిషి. గొంతు పెంచరు. పెంచనప్పుడే ఎక్కువ భయం. వాడు కోటు విప్పి కుర్చీ మీద వేసి మేడెక్కేశాడు. రెండు రోజులు తాతా మనవల మధ్య మాటల్లేవు. పులుసులో ఉప్పు మరిచిపోయినా ఇద్దరూ నోరెత్తకుండా తినేశారు. ఇంట్లో అంతకంటే పెద్ద ప్రమాదం ఏముంటుంది చెప్పండి?

ఆ రెండు రోజులూ కుర్చీ మీద ఉన్న ఆ కోటును చూస్తూ ఉంటే నాకొక అనుమానం పట్టుకుంది. మా మామగారు చీమకు హాని చెయ్యని మనిషి. నుదుట విబూది లేకుండా గడప దాటేవారు కారు. అలాంటి ఆయన కోటు దొంగల నాయకుడి కోటులా ఎందుకుంది? నాకు తెలిసినదీ, చదివినదీ, చూసిన సినిమాలూ అన్నీ కలిపి ఆలోచించాను. తీగ లాగితే డొంకంతా కదిలింది.

ముందు కోటునే చూద్దాం. ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు పొరలు. ఆరు గుండీలు, రెండు వరసలుగా. దీన్నే దర్జీలు డబుల్ బ్రెస్టు అంటారు. కాలరు కింది మడతలు వెడల్పుగా, మొనలు భుజాలకేసి చూస్తున్నట్టు ఉంటాయి. భుజాల్లో మెత్తలు. వెనక నడుము దగ్గర సగం బెల్టు. దాని కింద నడవడానికి వీలుగా పొడుగాటి చీలిక. లోపల మెరిసే అస్తరు. ఆ అస్తరుకూ పైబట్టకూ నడుమ, కంటికి కనబడనిది ఇంకొకటి ఉంటుంది. గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు. దాన్ని దర్జీ చేత్తో వందల చిన్న చిన్న కుట్లు వేసి పైబట్టకు పట్టిస్తాడు. ఛాతీ అలా నిండుగా నిలబడేది, మడత అంత ఒయ్యారంగా తిరిగేది ఆ కుట్ల వల్లే. తొడుక్కున్నవాడు సన్ననివాడైనా కోటు తన ఆకారం తాను వదలదు. మా వాడికి భుజాలు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసిందా?

బట్ట సంగతి సోలాపూర్, భివండీ నేతకుటుంబాల వారికి మరీ నచ్చుతుంది. ఈ రకం ఉన్ని బట్టను మెల్టన్ అంటారు. ఇంగ్లండులో మెల్టన్ మౌబ్రే అనే ఊరి పేరు మీద వచ్చింది. మామూలుగా నేసి ఊరుకోరు. నేసిన బట్టను తడిపి, వేడిలో నలగ్గొట్టి, కావాలనే కుంచించుకుపోయేలా చేస్తారు. ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. తడికీ వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఇక పడుగూ పేకా విడివిడిగా కనబడవు. గాలి దూరదు. కత్తిరించిన అంచు పోగులూడదు. మన దక్కను గొంగడికి చింతగింజల గంజి పట్టించి బిగువు తెస్తారు. అక్కడివాళ్ళు బట్టనే నలగ్గొట్టి బిగువు తెచ్చారు. చలి ఒకటే, ఎవరి ఉపాయం వారిది. మా కోటును ఒకసారి తూచి చూశాను. మూడు కిలోలకు కాస్త తక్కువ. పసిబిడ్డ బరువు!

ఇప్పుడు అసలు సంగతి. ఈ కోటులో ప్రతి ఏర్పాటూ చలి కోసం చేసిందే. కాలరు పైకెత్తేది చెవులకు గాలి తగలకుండా. ఎత్తితే సగం ముఖం దాగిపోతుంది. జేబులు అంత లోతుగా ఉండేది వేళ్ళు కొంకర్లు పోకుండా. లోపల పెట్టిన చేతిలో ఏముందో ఎదుటివాడికి తెలియదు. ముందు రెండు పొరలుండేది రొమ్ముకు చలి సోకకుండా. ఆ పొరల వెనక ఉన్నది సన్ననివాడో లావుపాటివాడో, ధైర్యంగా ఉన్నాడో వణుకుతున్నాడో బయటికి పొక్కదు. చలి కోసం పుట్టినవన్నీ భయపెట్టడానికి కూడా పనికొచ్చాయి. గ్యాంగ్‌స్టర్ కోటంటూ దర్జీలు వేరే కుట్టింది లేదు. ఉన్న కోటునే వాళ్ళు తొడుక్కున్నారు.

ఆ తొడుక్కోవడం ఎక్కడ మొదలైందంటే అమెరికాలో, ముఖ్యంగా చికాగోలో. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. చలికాలంలో ఆ సరస్సు మీంచి వచ్చే గాలికి అక్కడ దొరకీ దొంగకీ కూడా ఓవర్‌కోటు తప్పదు. 1920 జనవరిలో ఆ దేశమంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1933 డిసెంబరు దాకా నడిచింది. తాగేవాళ్ళు మానలేదు, అమ్మేవాళ్ళు మారారు. దొంగసారా వ్యాపారంలో డబ్బు వరదలా వచ్చి పడింది. ఆ డబ్బు చేరినవాళ్ళలో చాలామంది వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు. అందరిలోకీ పేరు మోసిన ఆల్ కాపోన్ 1899లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి ఇటలీ నుంచి వచ్చి క్షౌరవృత్తి చేసుకుని బతికినవాడు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడికి చేతినిండా డబ్బొస్తే ఏం చేస్తాడు? పెద్దమనుషుల్లో పెద్దమనిషిగా కనబడాలనుకుంటాడు. బ్యాంకు యజమాని ఎలాంటి ఓవర్‌కోటు వేసుకుంటాడో అలాంటిదే, అంతకంటే ఖరీదైనది వేసుకుంటాడు. కాపోన్ మంచి సూట్లు, లేత రంగు ఫెడోరా టోపీ, బరువైన కోట్లు వేసుకుని పత్రికలవాళ్ళ ఫోటోలకు నవ్వుతూ నిలబడేవాడు. అంటే గ్యాంగ్‌స్టర్ వేషం అని మనం అనుకునేది నిజానికి పెద్దమనిషి వేషం. వాళ్ళు పెద్దమనుషులను చూసి వేసుకున్నారు. తర్వాతి కాలంలో జనం వాళ్ళను చూసి వేసుకున్నారు.

ఇందులో ఒక తమాషా ఉంది. అన్ని నేరాలు చేయించాడని లోకమంతా చెప్పుకున్న కాపోన్‌ను ప్రభుత్వం చివరికి పట్టుకున్నది ఆదాయపు పన్ను ఎగ్గొట్టిన కేసులో. 1931లో విచారణ జరిగింది. తన పేరుమీద లెక్కాపత్రం ఏమీ లేకుండా జాగ్రత్త పడ్డ మనిషికి ఆదాయం ఉందని రుజువు చెయ్యడమెలా? అతను పెట్టిన ఖర్చు చూపించారు. సూట్లు, చొక్కాలు, పట్టు లోదుస్తులు అమ్మిన దుకాణాలవాళ్ళు కోర్టుకొచ్చి ఎంతకు కొన్నాడో చెప్పారు. 11 ఏళ్ళ శిక్ష పడింది. ఏ బట్టలు వేసుకుని పెద్దమనిషిననిపించుకోవాలనుకున్నాడో ఆ బట్టలే సాక్ష్యం చెప్పాయన్నమాట.

కాపోన్ కథ అక్కడితో ముగిసింది కాని కోటు కథ అప్పుడే మొదలైంది. అదే 1931లో హాలీవుడ్డులో రెండు సినిమాలొచ్చాయి. ఒకటి ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ వేసిన 'లిటిల్ సీజర్', రెండోది జేమ్స్ కాగ్నీ వేసిన 'ది పబ్లిక్ ఎనిమీ'. మరుసటి ఏడు పాల్ మునీ వేసిన 'స్కార్‌ఫేస్' వచ్చింది. మొదటిదాంట్లో చిల్లర దొంగ పెద్ద దొంగగా ఎదిగాక ఖరీదైన దుస్తులు తొడుక్కుని అద్దంలో తనను తాను చూసుకుని మురిసే ఘట్టం ఉంది. రెండోదాంట్లో డబ్బు చేతికి రాగానే కుర్రవాళ్ళు చేసే పని దర్జీ దగ్గరికెళ్ళి కొలతలివ్వడం. ఈ సినిమాల్లో దొంగ ఎంత ఎదిగాడో లెక్క చెప్పేది తుపాకీ కాదు, బట్టలు. చివర అందరూ దిక్కులేని చావే చస్తారు. కాని హాలు బయటికొచ్చిన కుర్రవాడికి చావు గుర్తుండదు, అద్దం ముందు నిలబడ్డ కోటు గుర్తుంటుంది. నలుపు తెలుపు బొమ్మలో నల్లటి కోటు ఒక్క ముద్దగా, నీడకు కాళ్ళొచ్చినట్టు నడిచి వస్తుంటే ఆ అందం వేరు మరి.

టోపీ గురించి ఒక్క మాట. మా మనవడు వెతుకుతున్న ఆ ఫెడోరా టోపీ మొదట మగవాళ్ళది కానే కాదు. 1882లో పారిస్‌లో 'ఫెడోరా' అనే నాటకం ఆడారు. నాయిక పేరే ఫెడోరా. ఆ పాత్ర వేసిన సారా బెర్నార్ట్ రంగస్థలం మీద మెత్తటి టోపీ పెట్టుకుంది. ఆ నాటకం పేరే టోపీకి నిలిచింది. మొదట దాన్ని మోజుపడి పెట్టుకున్నవాళ్ళు ఆడవాళ్ళే. ఆ సంగతి చెబితే మా వాడు నమ్మలేదు. గూండాల నెత్తికెక్కినది ఒక నటీమణి టోపీ!

ఆ వేషం సముద్రాలు దాటి మన సినిమాల్లోకీ వచ్చింది. దేవానంద్ 'బాజీ' (1951)లో జూదరి, 'సి.ఐ.డి.' (1956)లో పోలీసు అధికారి. మన తెలుగులో కృష్ణగారి 'గూఢచారి 116' 1966లో వచ్చింది. అమితాబ్ 'డాన్' 1978లో వస్తే, మరుసటి ఏడే రామారావుగారు దాన్ని 'యుగంధర్'గా చేశారు. ఆ పేరు అంతకుముందే మన ఇళ్ళల్లో డిటెక్టివ్ పేరు. కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు చదివినవాళ్ళకు యుగంధర్ అంటే నేరస్తుణ్ణి పట్టేవాడు. చూశారా, అక్కడా ఇక్కడా ఒకటే పేరు, ఇంచుమించు ఒకటే వేషం. ఆ రోజుల డిటెక్టివ్ నవలల అట్టలు మీకు గుర్తుండే ఉంటాయి. టోపీ, కాలరెత్తిన కోటు, చేతిలో టార్చి లైటో పిస్తోలో. బొమ్మలో ఉన్నది దొంగో, దొంగను వెంటాడేవాడో పుస్తకం తెరిస్తే కాని తెలిసేది కాదు. మద్రాసు ఎండల్లో ఉన్ని కోటు తొడుక్కుని పాపం ఆ నటులు ఎంత ఉడికిపోయారో! చలే లేని చోటికి వచ్చాక కోటుకు మిగిలినది వేషం ఒక్కటే.

ఇదంతా ఆలోచిస్తుంటే నాకొక చిత్రం తట్టింది. ఆ 1931లోనే, కాపోన్‌కు శిక్షపడి ఆ సినిమాలొచ్చిన ఏడాదే, మా రాయగడ మీదుగా పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే, మనవాళ్ళ నోట్లో బి.ఎన్.ఆర్. ఆ పట్టాల వెంట ఎన్ని తెలుగు కుటుంబాలు ఈ కొండల్లోకి వచ్చి స్థిరపడ్డాయో మీలో చాలామందికి స్వానుభవమే. మా మామగారూ అలా వచ్చినవారే. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి గూడ్సు బండి గార్డు అయ్యారు.

మూడో రోజు మధ్యాహ్నం మనవడు మేడ దిగి వచ్చి, కుర్చీ మీది కోటును మడతపెట్టబోయి ఆగాడు. కుడి జేబులో చెయ్యి పెట్టి, "నాన్నమ్మా, కోటంతా ఇంత మంచి బట్ట కదా, ఈ జేబు లోపల పరుపు గుడ్డ వేశారేమిటి?" అన్నాడు. నేను నోరు విప్పేలోగా మావారే అన్నారు, "మా అమ్మ వేసింది."

అప్పుడు చెప్పారు. నేను యాభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను, నాకూ సగం తెలియదు.

గూడ్సు బండికి చిట్టచివర బ్రేకు వ్యాను ఉంటుంది. గార్డు అందులో ఒక్కడే కూర్చోవాలి. ఇటూ అటూ గాలి. రాయగడలో రాత్రి బయలుదేరితే మునిగుడ, అంబొదల మీదుగా టిట్లాగఢ్ చేరేసరికి ఏ వేళవుతుందో చెప్పలేరు. పాసింజరుకు దారివ్వడానికి ఏ అడవిలోనో గంటలకొద్దీ నిలబెట్టేవారు. బండి ఆగితే గార్డు దిగి, దీపం పట్టుకుని, వెనక కాపలా ఉండాలి. అప్పటికి మామగారికి ఒక స్వెట్టరూ మఫ్లరూ తప్ప మరేమీ లేవు. 1951 చలికాలంలో ఆయనకు నిమోనియా వచ్చి నెల్లాళ్ళు మంచం పట్టారట. లేచి తిరగడం మొదలెట్టిన రోజున మా అత్తగారు చేతి గాజులు రెండు తీసి ఆయన ముందు పెట్టారట. "వచ్చే చలికాలానికి మీకు కోటుండాలి. గాజులు మళ్ళీ వస్తాయి" అన్నారట.

స్వాతంత్ర్యం వచ్చాక ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల నుంచి ఎందరో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోయాయి. వెళ్ళేటప్పుడు సామాన్లు అమ్ముకునేవారు. మామగారు పనిమీద అక్కడికి వెళ్ళినప్పుడు ఒక మెయిల్ డ్రైవరు దొర ఈ కోటు అమ్మజూపాడట. కలకత్తాలో కుట్టించుకున్న కోటు. లోపల జేబు మీద దర్జీ దుకాణం చీటీ ఇప్పటికీ ఉంది, అక్షరాలు మాత్రం అరిగిపోయాయి. 60 రూపాయలకు బేరం కుదిరింది. 1952లో ఆ కోటు మా ఇంటికి వచ్చింది. ఏ సినిమా చూసి ఆ దొర ఆ మడతలు అంత వెడల్పుగా పెట్టించుకున్నాడో దేవుడికెరుక!

జేబు సంగతి. గార్డు జేబులో ఏముంటాయి? విజిలు, చిన్న టార్చి, గడియారం, సుద్దముక్క, జంతికల పొట్లం. మంచు రాత్రుళ్ళు పట్టాల మీద పెట్టే టపాకాయల డబ్బా కూడా. వెనకనుంచి బండి వస్తే చక్రం కింద అవి పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. ఆ బరువుకు మొదటి ఏడే జేబు చిరిగింది. అత్తగారు పాత పరుపు గుడ్డ కత్తిరించి, రెండు వరసల కుట్టుతో కొత్త జేబు వేశారు. 70 ఏళ్ళయినా ఒక్క కుట్టు ఊడలేదు.

"తెల్లవారగట్ల నాన్న బండి దిగి వచ్చేవారు" అన్నారు మావారు. "నాకు ఆరేడేళ్ళు. అమ్మ వద్దన్నా స్టేషను దాకా పరిగెత్తేవాణ్ణి. నన్ను ఎత్తుకుని కోటు లోపల పెట్టుకుని గుండీలు వేసేసేవారు. లోపలంతా బొగ్గు పొగ వాసన, మంచు తడి వాసన, ఆయన చెమట వాసన. గుండీకి గుండీకి మధ్య సందులోంచి చూసుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. ఆ కోటు లోపల ఉంటే నాకు దెయ్యమన్నా భయముండేది కాదు. ఇప్పుడు నువ్వు దాన్లోంచి పిస్తోలు తీస్తానంటున్నావు."

మనవడు ఏమీ అనలేదు. కోటు ఆయన చేతికిచ్చాడు. "ఎలా వేసుకునేవారో చూపించండి తాతయ్యా" అన్నాడు.

మావారు లేచి, చేతులు దూర్చి, గుండీలు ఒకటొకటే వేసుకున్నారు. చెవుల దాకా కాలరెత్తి, కుడి చెయ్యి జేబులో పెట్టి, బండి వెనక కాపలా నిలబడ్డట్టు కాస్త పక్కకు తిరిగి నిలబడ్డారు. బడిపంతులు చూపు సరేసరి. అద్దంలో చూద్దును కదా, చికాగో నుంచి ఇప్పుడే దిగినట్టున్నాడు మహానుభావుడు! మనవడు ఉండబట్టలేక పకపకా నవ్వేశాడు. "తాతయ్యా, అసలు డాన్ మీరే!" అన్నాడు. నేను నవ్వాపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన అద్దంలోకి చూసుకున్నారు. ఇంకాసేపు చూసుకున్నారు. "మా నాన్న కూడా ఇలాగే ఉండేవారన్నమాట" అని ఆయనా నవ్వేశారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

కోటు వాడికిచ్చారు. ఒకటే షరతు. ఏ వేషమైనా వేసుకో కాని ఆ కుడి జేబులో మాత్రం బొమ్మ పిస్తోలు పెట్టకూడదు. వాడు ఒప్పుకున్నాడు. పిస్తోలు చేత్తోనే పట్టుకుంటాడట. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి నాటిక కూడా అయిపోయి ఉంటుంది.

నాకు అర్థమైనది ఇంతే. కోటుకు మంచీ చెడూ లేవు. అందం ఉంది. ఆ అందం దర్జీ చేతిది, నేతగాడి చేతిది. దొంగ తొడుక్కుంటే భయమేసింది, గార్డు తొడుక్కుంటే ఒక పసివాడికి భయం పోయింది. పిల్లలు సినిమా చూసి మోజుపడితే తప్పు పట్టకండి. ఆ మోజుతోనే మా వాడు జేబులో చెయ్యి పెట్టాడు, వాళ్ళ ముత్తవ్వ కుట్టు చేతికి తగిలింది. పెట్టెలోనే ఉంచి ఉంటే అది నాతోనే పోయేది.

మీ ఇళ్ళల్లోనూ పాత ఉన్ని కోట్లూ శాలువలూ ఉంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఉన్నిని వేడినీళ్ళలో ఎప్పుడూ ఉతక్కండి. మెల్టన్ తయారయ్యే పద్ధతి చెప్పాను కదా, మీ ఇంట్లో కూడా అదే జరిగి కోటు కాస్తా చిన్నపిల్లల చొక్కా అవుతుంది. మెత్తటి బ్రష్షుతో మడతల్లో, జేబుల్లో దులిపితే చాలు. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే చిన్న పురుగు. అందుకే దులపడం, ఎండ తగలనివ్వడం ముఖ్యం. కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఆ వాసన పట్టిన బట్టల్లో పసిబిడ్డలను చుట్టకండి. కొందరు శిశువులకు రక్తం విరిగి ప్రాణం మీదికి వస్తుంది. బయటికి తీశాక ఒకటి రెండు రోజులు బాగా గాలికి ఆరనిచ్చాకే వాడండి. తగిలిస్తే భుజాలు వెడల్పుగా ఉన్న హ్యాంగరుకు తగిలించండి. తీగ హ్యాంగరయితే ఆ బరువుకు భుజాలు పొడుచుకొస్తాయి. ఎవరైనా పాత కోటు కొనదలిస్తే ముందు భుజాలు సరిపోయాయో లేదో చూడండి. పొడుగూ చేతులూ దర్జీ సరిచేస్తాడు, భుజాలు సరిచెయ్యడం మహా కష్టం.

ఇంకొక్క పని. ఒక చిన్న కాగితం మీద ఈ బట్ట ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చిందో రాసి జేబులో పెట్టండి. నేను మొన్న రాసి పెట్టాను. ఎడమ జేబులో. కుడి జేబు మా అత్తగారిది.

మీ ట్రంకు పెట్టెల్లో ఏమున్నాయో నాకూ రాయండి. వచ్చే సంచికలో కలుసుకుందాం.